అంగుళం తక్కువ

ఫెర్గస్, నీ కథ రెండుసార్లు చదివాను.
మొదటిసారి స్టర్ట్ వీధి బస్సులో, అద్దం మీద మంచు తుడుచుకుంటూ.
రెండోసారి కొట్లో, ఎవరిదో ప్యాంటు అంచు మడతపెడుతూ.
నీకు ఇంగ్లీషులో చెప్పగలిగింది సగమే.
మిగతా సగం ఇక్కడ రాసుకుంటున్నాను,
నువ్వు చదవలేని లిపిలో.

కొలతటేపు ఒకటి. ఎవరిని కొలిస్తే వాళ్ళు అంగుళం తగ్గుతారు.
మంచి ఊహ. రోజూ నా మెడలో వేలాడేదే కనుక
నమ్మడానికి నిమిషం పట్టలేదు.
కానీ నాలుగో పేజీకల్లా పదిహేడుమందిని చంపావు.
ఒక్కరి పేరూ గుర్తులేదు నాకు.
లెక్కయినా దర్జీ అలవాటు కొద్దీ పెట్టాను, గుండీలు లెక్కేసినట్టు.

టేపుని ఇనప్పెట్టెలో పెట్టావు.
పెట్టెకి నంబరు, గదికి నంబరు, కాపలావాడికి తుపాకీ.
వాడికి చలేస్తుందా, ఫ్లాస్కులో ఏం తెచ్చుకున్నాడు,
అది మాత్రం చెప్పలేదు.
కొన్ని వాక్యాల మీద నల్లసిరా పూశావు.
బాబూ, సిరా కింద నీకు తెలిసిందేదో ఉండాలి.
నీకే తెలియనిది దాచిపెడితే
అది రహస్యం కాదు, గుడ్డ చాలక వేసిన మాసిక.
"వర్ణించలేనంత భయంకరం" అని మూడుచోట్ల రాశావు.
వర్ణించలేనప్పుడు కలం కింద పెట్టి టీ తాగి రా.

ఇవన్నీ గురువారం సాయంత్రం లైబ్రరీ వెనక గదిలో,
హీటరు టకటకమంటుంటే చెప్పాను.
అంతకుముందు వారం నువ్వు చదివినప్పుడు
అందరితోపాటు నేనూ "బాగుంది" అన్నాను.
ఇంటికెళ్ళి అన్నం కలుపుకుంటుంటే తట్టింది:
ఊరికే అనేసిన "బాగుంది" కూడా
మనిషిని ఓ అంగుళం తగ్గించే వస్తువే.

నీ చెవులు ఎర్రబడ్డాయి.
నోరీన్ నావైపు చూసింది, నేనేదో కుక్కపిల్లని తొక్కినట్టు.
అప్పుడు రెండో పేజీ తీశాను.
అక్కడొక వాక్యం, నువ్వు చూసుకోకుండా రాసింది:
టేపు మీద ఒకటీ రెండూ అంకెలు కనబడవు,
అమ్మ బొటనవేలు వాటిని అరగదీసింది.
ఇది ఉంచు, అన్నాను. తక్కిందంతా విప్పెయ్.
కుట్టు విప్పడమంటే చింపడం కాదు.
ఈ టేపుతో ఎవరిని కొలవడానికి నీకు చెయ్యి రాదు?
నువ్వు జవాబు చెప్పలేదు. కాగితం మీద ఏదో రాసి
అరచేత్తో మూశావు, పరీక్షలో పక్కవాడు చూస్తాడన్నట్టు.

మూడు వారాలు రాలేదు.
కార్పెట్ల కొట్టు ముందునుంచి వెళ్తుంటే
లోపల నువ్వు మోకాళ్ళ మీద, నేల కొలుస్తూ.
పలకరిద్దామని ఎత్తిన చెయ్యి జుట్టు సర్దుకుంది.
ఎక్కువ కత్తిరించానేమో.
కత్తెర పడ్డాక గుడ్డకి క్షమాపణ చెబితే ఏం లాభం.

నిన్న వచ్చావు, పేజీన్నరతో.
ఒక తల్లి. జనవరి ఎండలో, స్కూళ్ళు తెరిచేముందు
కొడుకు నిక్కరుకి కొలత తీస్తుంది.
ఇరవైరెండు.
మరుసటేడూ ఇరవైరెండు.
ఆపై ఏడు ఆమె కొత్త టేపు కొంది.
"ఈసారి పెరిగానా?" అంటాడు వాడు, ఊపిరి బిగబట్టి.
పెరిగావు, అంటుంది.
గుడ్డ మాత్రం అంతే కత్తిరిస్తుంది.
అంతే కథ. ఎవరూ చావలేదు.

హీటరొక్కటే మాట్లాడింది.
నోరీన్ కోటు వేసుకుంది, వెళ్ళడానికి కాదు.
నా వంతు వచ్చింది. నోట్లోంచి ఏదో రావాలి కదా,
"నిక్కరుకి ముందు నడుము కొలుస్తారు, తర్వాతే పొడుగు" అన్నాను.
ఎంత తెలివితక్కువ మాట.
నువ్వు బుద్ధిగా రాసుకున్నావు.

రోజూ టేపుని గోడ మేకుకి తగిలిస్తాను.
రాత్రి చుట్టచుట్టి బిస్కెట్ల డబ్బాలో పెట్టి
మూత మీద ఇస్త్రీపెట్టె బరువుంచాను.
నంబరు వెయ్యలేదు.