రిమోట్‌లో సూర్యుడు

మిద్దె మీద అద్దాల గది కట్టించినాడు కుళ్ళాయప్ప,
ఆర్టీసీలో రిటైరైనాక వచ్చిన దుడ్లతో.
మూడు పక్కలా అద్దమే, నెత్తిన కూడా అద్దమే.
"టన్నున్నర ఏసీ చాలదా బావలీ?" అనె.
నేను టేపు తీయలేదు. చెయ్యి ఆనించి చూసినా.
ఏప్రిల్ నెల, పదకొండు గంటలు,
అది గోడ కాదు, దోసెల పెనం.

"అద్దానికి ఒక గుణముంటాదన్నా.
ఎండను రానిస్తాది, వేడిని పోనియ్యదు."
"నాకు జెప్తావా?" అని నవ్వినాడు.
"ముప్పై ఒక్క ఏండ్లు అద్దం ఎనకాల కూర్చున్నోన్ని.
మధ్యాన్నం మూడింటికి అనంతపురంలో బండెత్తితే
ఉరవకొండ దాటి, విడపనకల్లు దాటి, బళ్లారి దాకా
పొద్దు నా మొగం మీదనే.
కుడి రెక్క సూడు, ఎడమ దానికంటే ఎంత నలుపో."

రెండు టన్నులది బిగించినా.
అవుట్‌డోర్ యూనిట్ నూర్జహాన్‌బీ పిట్టగోడ దిక్కు.
మొదటి దినం సాయంత్రానికే ఆమె ఎక్కొచ్చి
"మీ సల్లదనం కోసరం మా మిద్దెకు వడగాలా?" అని కొట్లాడె.
రెండో దినం ఆ గాలికే శావిగలు ఆరేసుకొనె.

మే నెలలో గది ఇరవై తొమ్మిది కిందికి దిగలా.
పైకప్పుకు సున్నం కొట్టమంటి, కొట్టించినాడు.
తూర్పు పక్క గోనెపట్టాలు తడిపి కట్టమంటి, కట్టినాడు.
పడమటి అద్దానికి పరదా వేయమంటే మాత్రం
కుర్చీలోంచి లెయ్యలా.
"అదొక్కటీ ఇడిసిపెట్టు.
దినామూ ఎదురుగానే ఉన్నా పొద్దును నేను సూడలా,
రెప్పలు సగం మూసి గుంతలే సూస్తి."

ఆ సాయంత్రం గ్యాసు చూసేకి పోయినా కాబట్టి తెలుసు.
ప్లాస్టిక్ కుర్చీలో, చేతులు కొంచెం ఎడంగా,
దేన్నో పట్టుకున్నట్లు,
ఎర్రగా దిగుతాండే పొద్దుకు ఎదురుగా
చెమట లేకుండా కూర్చోనుండె.

రిమోట్‌లో సూర్యుడి గుర్తు బటన్ ఒకటుంటాది.
పద్దెనిమిదేండ్ల నా పనిలో
ఈ ఊర్లో దాన్ని నొక్కినోళ్లను చూళ్ళేదు.
"దాని జోలికి పోవద్దన్నా" అని మరీ చెప్పొస్తి.

మార్గశిరంలో, తెల్లారి నాలుగున్నరకు ఫోను.
"పొరపాటున ఆ సూర్యున్ని నొక్కినా."
"ఏం కాదన్నా, ఇంకో తూరి నొక్కితే..."
"ఆపేకి కాదు."
కాసేపు గాలి సద్దే ఇనపడె.
"కదిరి ఫస్టు సర్వీసు తోలేటప్పుడు
చలికి వేళ్లు కొంకర్లు పోతే
బానెట్ మీద ఎడమ చెయ్యి పెట్టుకుంటాంటి.
అదే వేడి బావలీ, అట్లనే ఉండాది.
డీజిలు వాసనొక్కటే లేదు."

తెల్లారినాక నూర్జహాన్‌బీ మళ్లా ఎక్కొచ్చిందంట,
ఈసారి మంచుగాలి కొడతాందని.
యూనిట్ తిప్పల్ల. ఆదివారం పోవల్ల,
నాలుగు బోల్టులు, రెండు మీటర్ల రాగి పైపు తీసుకొని.
ఏ దిక్కుకు తిప్పితే అటు పక్క మనిషి లేడో
ఇంకా చూసుకోలేదు.