ఎంతసేపు ఆగగలవు?

టికెట్ కొన్న మనిషికి తెర మీద
ఒక పచ్చ టిక్కు కనిపిస్తుంది, అంతే.
అసలు పని అప్పుడే మొదలవుతుంది
ఆయనకి కనపడని వెనక గదిలో:
రసీదు రాయాలి, కారు పొడవు ఓడకి చెప్పాలి,
బ్యాంకుతో మాట్లాడాలి, బ్యాంకు మళ్లీ రమ్మంటే మళ్లీ వెళ్లాలి.
అంతసేపూ గుమ్మంలో నిలబెట్టలేక
"సరే, వెళ్లిరండి" అని పంపేసి
చీటీ రాసి మేకుకి గుచ్చుతాం.
ఆ మేకు పేరే క్యూ.
చీటీలు తీసి పనిచేసేవాళ్లు నలుగురు.
వర్కర్లంటాం. జీతమడగరు, కాఫీ అడగరు,
మెమరీ నిండితే మాత్రం
చప్పుడు చెయ్యకుండా చచ్చిపోతారు.

మూడేళ్లు ఒకటే మేకు.
ముందొచ్చింది ముందు.
అదే న్యాయమనుకున్నాను.

నవంబరులో ఒక మంగళవారం
టోర్స్‌హౌన్ రేవు మీద గాలి లేచింది.
నాలుగింటి ఓడని అవతలి దీవిలోనే కట్టేశారు.
రద్దయిందని చెప్పే సందేశాలు నూట పన్నెండు
వెళ్లి సరిగ్గా తుమ్మాస్ పంపిన
చలికాలపు రాయితీ ఉత్తరాల వెనక నిలబడ్డాయి.
పదకొండు వేల ఉత్తరాలు,
ఒక్కోదానికి నాలుగు సెకన్లు,
ఒక్కోదాంట్లో నవ్వుతున్న గొర్రె.

ఓలువా అనే ఆవిడ, డెబ్బై మూడేళ్లు,
బాగుచేయించిన కుట్టుమిషను కాళ్ల దగ్గర పెట్టుకుని
మూసేసిన టికెట్ గది చూరు కింద నిలబడింది.
నాలుగింటికే చీకటి.
ఓడ ఆలస్యమనుకుంది.
ఏడూ పదికి ఫోను మోగింది.
మొదట గొర్రె వచ్చింది.
తర్వాత రద్దు.

ఆ రాత్రి లాగ్‌లన్నీ తిరగేశాను.
ఎక్కడా ఎర్రగీత లేదు.
ప్రతి చీటీ తన వంతు వచ్చాక
ఒద్దికగా పూర్తయింది.
తప్పు దొరికితే బాగుండేది.

మర్నాడు అందర్నీ అడిగాను, ఏ పని ముఖ్యమని.
లెక్కలవాళ్లు మాదన్నారు. సరుకులవాళ్లు మాదన్నారు.
తుమ్మాస్ గొంతు సవరించుకున్నాడు.
అత్యవసరం, మహా అత్యవసరం, ఇది నిజంగా అత్యవసరం:
బోర్డు మీద ఐదు క్యూలు గీస్తే
ఐదూ మొదటివే.
ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి, నిజమే.
ఒళ్లంతా కొమ్ములే మొలిచిన పొట్టేలు
గడ్డి ఎలా మేస్తుంది?

తల వేడెక్కి రేవుకి నడిచాను.
హానుస్ ఓడలోకి కార్లెక్కిస్తున్నాడు,
ఉప్పుకి వెలిసిపోయిన నారింజ కోటు.
లోపల ఫాదరున్నాడా, చేపల పెట్టెలున్నాయా చూడడు.
అద్దం దించిన ప్రతివాణ్ణీ ఒకటే అడుగుతాడు:
"ఎక్కడ దిగుతావు?"
చెప్పగానే చేత్తో ఒక గీత చూపిస్తాడు.
"నువ్వెవరో ఓడకెందుకమ్మాయ్,
దిగే వేళకి ముందు దారి ఉంటే చాలు."

తిరిగొచ్చి పేర్లన్నీ చెరిపేశాను.
కొత్తవి మూడు రాశాను.
పది సెకన్లు.
పది నిమిషాలు.
తెల్లారేలోగా.
ముఖ్యమా అని ఇప్పుడెవర్నీ అడగను.
ఎంతసేపు ఆగగలవు అంటాను.
ఈ ప్రశ్నకి బడాయి కొట్టడం కష్టం.
తుమ్మాస్ చాలాసేపు కిటికీలోంచి చూసి
"గొర్రె తెల్లారేదాకా ఆగుతుందిలే" అన్నాడు.

నలుగురిలో ఒకణ్ణి
పది సెకన్ల మేకు దగ్గరే కూర్చోబెట్టాను.
రోజులో ముప్పాతిక భాగం ఉత్తినే ఉంటాడు.
వీడికెందుకు డబ్బు తగలేస్తున్నామని పైవాళ్లడిగారు.
ఖాళీగా ఉండటమే వాడి పని అన్నాను.
వాళ్లకి అర్థమైందో లేదో తెలీదు,
బిల్లు మాత్రం కడుతున్నారు.

ఇంకో చీటీ మిగిలింది.
ఓలువాకి క్షమాపణ.
పది సెకన్లలో వెయ్యాలా, తెల్లారేలోగా వెయ్యాలా?
ఆవిడ ఎంతసేపు ఆగగలదో
ఆవిడ్ని ముందే అడగాల్సింది.
మేకు దాకా వెళ్లిన చెయ్యి వెనక్కి తీసుకుని
ఫోనెత్తి నంబరు నొక్కాను.
అవతల కుట్టుమిషను చప్పుడు,
ఆగింది.
"ఎవరూ?"