పొద్దు తుడిచే పని

మా నాయిన ఓదెలు ఇరవై తొమ్మిదేండ్లు బాయికి పోయిండు.
ఊర్లల్ల బాయంటే నీళ్ళు.
గోదారిఖనిల బాయంటే చీకటి.
ఏడింటికి దిగితే మూడు దాటినంక పైకి.
వచ్చినోడు వచ్చినట్టే ఇంటికి రాకపోయేటోడు,
గేటు కాడ నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకొని
పొద్దు దిక్కు చూసేటోడు,
దూరపు చుట్టాన్ని ఆనవాలు పడుతున్నట్టు.

అమ్మ ఆయన అంగీలు మూడు నీళ్ళల్ల పిండేది.
మూడో నీళ్ళు గూడ నల్లగనే.
ఆ నీళ్ళు పారిన బీరపాదు మాత్రం
ఎందుకో మస్తు కాసేది.

ఇప్పుడా బాయి మూసిండ్రు.
మీద పోసిన మన్ను గుట్టయ్యింది,
గుట్ట నెత్తి చదును చేసి పలకలు పరిచిండ్రు.
సార్లు ప్యానెళ్ళంటరు, మేం పలకలంటం.
చిన్నప్పుడు బలపంతో రాసి
ఉమ్మితో తుడిచింది గూడ పలకనే గద.

నా పని తుడుచుడు.
నేను, స్వరూప, బసంత్‌నగర్ నుంచి ఆటోల వచ్చే మదునక్క.
కోడి కూయకముందే మొదలు.
పలక కాలకముందే నీళ్ళు కొట్టాలె,
కాలినంక కొడితే అద్దం పగుల్తదంట.
రోహిణి కార్తెకు రోళ్ళే పగిలే ఊరు మాది,
అద్దం ఒక లెక్కనా.

పక్క ఓపెన్‌కాస్టుల పగలు రెండింటికి బ్లాస్టింగు.
లేచిన దుమ్ము తిరిగి తిరిగి
మా పలకల మీదనే కూసుంటది.
మొదటి రోజు గుడ్డ పిండి చూసిన.
నల్లటి నీళ్ళు.
రెండోసారి పిండిన, నల్లగనే.
నవ్వొచ్చింది నాకు.
అమ్మా, పోతపోత నీ పని నాకిచ్చి పోయినవా?

పర్మినెంటా అని అడుగుతరు అందరు.
కాదు. మస్టర్ల నా పేరు లేదు,
కాంట్రాక్టరు నోటుబుక్కుల ఉంది, అది గూడ తప్పు రాసిండు.
ఆడపిల్లకు బాయి ఎట్లిస్తం అని
నాయిన నౌకరి నాకు ఇయ్యకపోయిరి.
బాయి మీది ఆకాశంల దొరికింది.

ఒకటి చెప్తె నమ్మరు.
ఎండ ఎంత కొడితే కరెంటు అంతొస్తదనుకున్న నేను.
మే నెల, నలభై ఆరు డిగ్రీలు,
కుక్కలు మోరీల పన్నయి,
చెప్పులు తారుకు అతుకుతున్నయి,
ఇయ్యాల మీటరు పగిలిపోతదనుకుంట చూస్తే
తగ్గింది!
ఫయాజ్ సారు నవ్విండు:
"దానికి వెలుగు కావాలె, వేడి కాదు.
వేడి ఎక్కువైతే దానికి గూడ పని చాతగాదు."
అసలు కరెంటు చూడాలంటే
వాన వెలిసిన తెల్లారి చూడాలె,
గునుగు పూసే నెలల.

ఆ మాట చాయ్ గ్లాసుల ముంచుకొని వారం దాక తాగిన.
ఇన్నేండ్లు మా ఊరి ఎండను తిట్టుడే తిట్టుడు,
దాంట్ల వెలుగేదో వేడేదో
ఎవ్వలు ఏరి చూసిండ్రు?

మొన్న నాయినను బండి మీద తీసుకపోయిన.
గుట్ట ఎక్కుతుంటే నాలుగుసార్లు ఆగిండు.
దగ్గు ఆయనకంటే ముందు ఎక్కింది.
ఓ పలక నీడల కూసొని
చెప్పు ఇడిసి, మడిమెతో మన్ను మీద గీత గీసిండు.
"సరిగ్గ దీని కిందనే, పన్నెండో లెవల్.
ఈడ కూసొనే సద్ది తినేటోళ్ళం."
నాకు కాళ్ళు ఎక్కడ పెట్టాల్నో తెలువలే.

జరసేపటికి అడిగిండు:
"రాత్రి గూడ చేస్తదా ఇది?"
చెయ్యదన్న.
"సెకండ్ షిఫ్టు?"
లేదు నాయినా, ఒక్కటే షిఫ్టు.
ఓవర్‌టైం గూడ లేదు.

ఆయన పలక అంచును పట్టుకొని చూసిండు,
కొత్తగ చేరిన పిలగాన్ని చూసినట్టు.
"పొద్దు గూకంగనే ఇంటికి పోతదన్నట్టు?"
పోతదన్న.

"మంచి నౌకరి," అన్నడు.