కేసింగ్ పైపు

కుందుర్పి పక్క ఆరునూర్ల అడుగులు దించినాం.
దుమ్మే. తెల్లటి దుమ్ము.
టెంకాయ చేతిలోనే పెట్టుకోని
రైతు తెల్లార్లూ కూర్చుండె.

ఆ యేడే రిగ్గు రాడ్డు నా నడుం మీద పడింది.

ఇప్పుడు నాలుగ్గంటలకోసారి
నాలోకి నేనే పైపు దించుకుంటా,
చేతులు కడిగి, జెల్లు పూసి.
ఒకచోట రాయి తగిలినట్టు ఆగుతాది.
తొందరపడితే నెత్తురు.
బోరుకాడ నేర్చిన ఓపికే ఇది.

తలుపవతల తిప్పమ్మ:
"పడినాయా?"
మగ్గు గీత చూసి చెప్తా:
"మున్నూట యాభై."
"పర్వాలేదులే, రెండించులు" అని నవ్వుతాది.

పెండ్లికి పిలిస్తే
ముహూర్తం కాదు, మరుగుదొడ్డి యాడుందో అడుగుతా.

ఆషాఢం పోయింది. ఊరంతా
మోడం కోసం తలెత్తి చూస్తాంది.
నేనొక్కణ్ణే
మగ్గులో మోడం కమ్మలేదు కదాని
తల వంచి చూస్తాండా.