క్యాలెండరు వెనక గీత

నా పేరు మద్దిలేటి.
బోర్డు మీద ప్రాపర్టీ కన్సల్టెంటని రాయించుకున్నా
కర్నూలు నన్ను బ్రోకరనే పిలుస్తుంది.
హంద్రీ ఒడ్డున ఏ మిద్దె ఎన్ని సెంట్లో,
ఏ బోరు ఎండాకాలం బురద కక్కుతుందో,
ఏ ఇంటి అన్నదమ్ములు ఒకే గేటుకు రెండు తాళాలేసుకున్నారో
నన్నడగండి.

ఇల్లు చూడొచ్చినోళ్లు ముందు తూర్పేదని అడుగుతారు,
తర్వాత కారు తిరుగుతుందా అని.
పోయేముందు, చెప్పులేసుకుంటా, గొంతు తగ్గించి
"పక్కన ఎవరుంటారు?"
మనుషులుంటారు సార్ అనే మాటను
ఇరవై ఏండ్లుగా నాలుక చివరిదాకా తెచ్చుకుని మింగుతున్నా.
"అందరూ డీసెంటు సార్" అంటా.
నేను ఎక్కువసార్లు అమ్మింది ఆ మాటనే.

బాడుగకిచ్చేవాళ్లు కులం అడగరు. మర్యాదస్తులు.
ఇంటిపేరేంది, సొంతూరు యాడ,
ఆదివారం ఏం వండుకుంటారు,
అంతే.
పెద్దాసుపత్రి నర్సు సువార్తమ్మను
బండి వెనక ఎక్కించుకుని ఆరిండ్లు చూపించినా.
ఆరో ఇంట్లో తాళంచెవి ఆమె చేతిదాకా వచ్చి
"మా పిల్లోని పెండ్లి కుదిరింది, మాకే కావాల" అయింది.
ఆ పిల్లోడు ఎనిమిదో క్లాసు.
తిరిగొచ్చేటప్పుడు ఆమె ఏమీ అనలేదు.
పెట్రోలుకని వంద నోటు నా జేబులో పెట్టింది.
తీసుకున్నా.

ఆ ఆరో ఇంటి మిద్దె నాకు బాగా తెలుసు.
రెండువేల తొమ్మిది, అక్టోబరు.
తుంగభద్రా హంద్రీ కలిసి మా వీధిలోకి నడిచొచ్చిన రాత్రి
ఆ మిద్దె మీద నలభైమందిమి.
రజాక్ సాబు టార్పాలిన్ కింద కరణం గారి కోడలు,
ఆమె ఒడిలో ఎవరి బిడ్డో.
వాన నానబెట్టిన బొరుగుల్లో ఉప్పు చల్లుకుని
ఉగ్గాని అనుకుని తిన్నాం.
పిడికెడు ఏ చేతిలోంచి ఏ చేతికొచ్చిందో
ఒక్కరూ ఇంటిపేరడగలే.
ఆ రాత్రి అక్కడ అడుగు జాగా రేటెంతో
ఏ రిజిస్ట్రారు పుస్తకంలోనూ లేదు.
ఇప్పుడా మెట్లకు ఇనుప గేటు.

నీళ్లు తీసినాక ప్రతి గోడకూ ఒక మట్టిగీత మిగిలింది.
జనం పుట్టీ పట్టినారు, టైల్సు అతికించినారు.
కొనేవాళ్లకు నేనూ చెప్పలే.

ఈ నెల నాకు అమ్మమని వచ్చిన ఇల్లు
నేనుండే ఇల్లే.
ఓనరు సుంకులయ్య ఫోన్లో నీళ్లు నమిలినాడు:
"నీకంటే బాగా ఎవరు చూపిస్తారప్పా,
రెండు పర్సెంటూ నువ్వే తీసుకో."

నంద్యాల నుంచి వచ్చినారు, మొగుడూ పెండ్లాం.
నా భార్య పొయ్యి ఆర్పేసి
పనిమీద వచ్చిన పరాయిదాని లెక్క వరండాలో నిలబడింది.
చిన్నది స్కూలు బ్యాగును మంచం కిందికి తోసింది, ఎందుకో.
ఇది హాలు, ఇది బెడ్రూము,
ఇక్కడ పొద్దున ఏడింటికి ఎండ పడుతుంది, అని చూపించినా.
ఆ ఎండలోనే మా అమ్మ కండ్లు మూసిందని చెప్పలే.
పక్కింటి ఖాజాబీ రోజూ లెక్కనే గోడ మీదినుంచి కూరగిన్నె చాపి
కొత్త మొహాలు చూసి వెనక్కి తీసుకుంది.

ఆమె అడగనే అడిగింది,
"పక్కన ఎవరుంటారు?"
డీసెంటు అన్న మాట పండ్ల దాకా వచ్చింది.
పోయి క్యాలెండరు ఎత్తినా.
నా భుజానికి బెత్తెడు పైన, ఎర్రమట్టి గీత.
ఆ మేర సున్నం కొట్టనీలేదు నేను.
"నీళ్లు ఇంతవరకు వచ్చినాయమ్మా.
ఆ పొద్దు మమ్మల్ని చెయ్యిచ్చి పైకి లాగినోళ్లుంటారు పక్కన."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
ఫోన్ చేస్తామన్నారు.
ఆ మాట అర్థమేందో నాకు తెలియంది కాదు.

గోడ మీదికి గిన్నె మళ్లీ వచ్చింది. పుల్లగూర.
వేడి తగ్గింది.
తింటా తింటా లెక్కేసుకున్నా:
సువార్తమ్మకు ఒక ఇల్లు బాకీ.
వంద రూపాయలు కూడా.