ముప్పై ఒకటో స్థానం

పుంటా అరేనాస్‌లో చెట్లు కూడా
గాలి చెప్పిన వైపే ఒరిగి పెరుగుతాయి.
టోపీలు యజమానుల్ని మార్చుకుంటాయి.
నేను పదకొండేళ్లుగా ఇక్కడి పది కిలోమీటర్ల పరుగుకు
చివరి గీత దగ్గర బల్ల వేసుకుని సమయం రాసేవాణ్ని.
మిగతా రోజుల్లో కస్టమ్స్ ఆఫీసులో
ఉన్ని బేళ్లు లెక్కపెడతాను.
లెక్క తప్పడం నాకు చేతకాదు.

అయినా నాలుగేళ్లు తప్పాను.

ఎడువిహెస్ బర్రియా. వయసు ముప్పై ఎనిమిది. రొట్టెల బట్టీలో పని.
పిండి పొంగిందో లేదో వేలితో నొక్కి చెబుతుంది.
పంతొమ్మిదో ఏటికే చూపు పూర్తిగా పోయింది.
ఆమె ఎడమ మణికట్టుకీ యెర్కో కుడి మణికట్టుకీ మధ్య
మూరెడు తాడు, పాత బూటు లేసులు పేని చేసింది.
యెర్కో మాంసం కొట్లో కుర్రాడు.
"గుంట", "మలుపు", "కుక్క" తప్ప
దారిలో మరో మాట మాట్లాడడు.

ఏటా పరిగెత్తింది. ఏటా చప్పట్లు కొట్టాం.
ఏటా ఆమె పేరు కాగితం అట్టడుగున
"పాల్గొన్నవారు" అన్న చోట రాశాను.
సమయం గడి ఖాళీ.
స్థానం గడిలో చిన్న అడ్డగీత.
నిబంధన అట్లా ఉంది మరి: తాడంటే సాయం,
సాయం ఉంటే అది పోటీ కాదు.

ఈసారి కమిటీ ముందుకొచ్చింది.
కుర్చీ వద్దంది.
"పతకం అడగను. పూలగుత్తి అసలే వద్దు.
నా ముందు ఎందరు, నా వెనక ఎందరు,
అది చెప్పండి చాలు.
రొట్టెని తూచి అమ్ముతాను నేను.
నన్నెందుకు తూచకుండా పంపేస్తారు?"

అధ్యక్షుడు దోన్ అనాక్లేతో గొంతు సవరించుకుని
ఆలోచిస్తామన్నాడు.
ఆలోచిస్తామంటే ఏమిటో
ఆమెకీ తెలుసు, బయట నిలబడ్డ యెర్కోకీ తెలుసు.

పరుగునాటి పొద్దున గాలికి పూనకం వచ్చింది.
రెండు గంటలు వాయిదా వేశాం.
మున్సిపాలిటీ వాళ్లు అలవాటు ప్రకారం
వీధి మూలల్లో స్తంభానికీ స్తంభానికీ తాళ్లు కట్టారు,
జనం పట్టుకుని నడవడానికి.
ఇక్కడ అదేం వింత కాదు.
దోన్ అనాక్లేతో ఒక చేత్తో తాడు, ఒక చేత్తో టోపీ.
వెనక ఖజాంచి, ఆయన వెనక డాక్టరు, ఆ వెనక నేను.

మలుపులో ఒళ్లు వేడెక్కించుకుంటూ
ఎడువిహెస్ తాడు కిర్రుమనడం విన్నది.
"ఎవరు?"
"కమిటీ," అన్నాడు యెర్కో.
"తాడు పట్టుకునా? అందరూనా?"
నవ్వలేదామె. నవ్వి ఉంటే బాగుండేది.
"జాగ్రత్త, దోన్ అనాక్లేతో.
అది సాయం కింద లెక్కకొస్తుంది."

ఆయన తాడు వదలబోయాడు.
గాలి ఒప్పుకోలేదు.

జలసంధి పక్క రోడ్డు. పోయేటప్పుడు గాలి రొమ్ము మీద,
వచ్చేటప్పుడు వీపు మీద.
గీతకి రెండడుగుల దూరంలో
యెర్కో కావాలని అరడుగు వెనక్కి తగ్గాడు.
తాడు ఎవరినీ లాగడం లేదు.
నడుమ కుంగి, బట్టలారేసే తీగలా ఊగుతోంది.
చూశాను. గడియారం నొక్కాను.

నలభై తొమ్మిది నిమిషాల పదహారు సెకన్లు.
దోన్ అనాక్లేతో వైపు చూశాను.
ఆయన కళ్లు మూసుకుని తలాడించాడు.
ఒప్పుకోలో, కంట్లో దుమ్మో.
ఒప్పుకోలే అని రాసుకున్నాను.
మహిళల్లో ముప్పై ఒకటి.

మూడు సెకన్ల తేడాతో ముప్పై రెండు,
పోస్టాఫీసు మిరెయా కార్కమో.
బల్ల గుద్ది, మళ్లీ చూడమంది.
చూపించాను.
ఎడువిహెస్ దగ్గరికి విసవిసా నడిచింది.
కౌగిలించుకుంటుందని ఎవరో కెమెరా ఎత్తారు.

"వచ్చే ఏడు నిన్ను దాటకపోతే నా పేరు మిరెయా కాదు."
రొప్పుతూ, కోపంగా అంది,
మా చప్పట్లలోని మెత్తదనం పిసరంతైనా లేకుండా.

ఎడువిహెస్ ఆ గొంతు వైపు ముఖం తిప్పింది.
"ఏదీ," అంది, "మళ్లీ అను."

సొరుగులో నాలుగు పాత కాగితాలున్నాయి.
ఆ అడ్డగీతలు చెరిపి ఏం రాయాలన్నా
ఆ రోజుల్లోనే
బొటనవేలు కదిపి ఉండాల్సింది నేను.