కుట్టు విప్పిన చొక్కా

పర్లాకిమిడి బస్టాండు వెనక
నాది రెండు మిషన్ల కొట్టు.
పెళ్ళి జాకెట్లు మా ఇంటిది కుడుతుంది,
ఫుట్‌బాల్ చొక్కాలు నావి.

యోనాసు రయితాని నేను మొదట చూసింది
మొహం కాదు, ఛాతీ. ముప్పై రెండంగుళాలు.
సెరంగో కొండ మీంచి
చెప్పుల్లేకుండా దిగినవాడు,
"తొమ్మిదో నంబరు. కొంచెం వదులుగా కుట్టు మామా,
ఇంకా పెరుగుతాను" అన్నాడు.

పెరిగాడు.
మిల్లు షావుకారు పొట్నూరు గవరయ్య
వంద రూపాయల స్టాంపు కాయితం మీద
వాణ్ణి రాయించుకున్నాడు:
మ్యాచికి మూడు వేలు, నెలకో బియ్యం బస్తా,
దసరా దాకా ఇంకో జట్టు గడప తొక్కరాదు.
సాక్షి సంతకం నాదే.
కాయితం ఇంగ్లీషులో ఉంది.
నాకు రాదు, వాడికీ రాదు,
షావుకారుకీ రాదనే అనుకుంటాను.

శ్రావణంలో ఎడమ మోకాలు తిరిగింది.
మంచమెక్కిన ఆటగాడి గురించి
కాయితంలో ఒక్క ముక్కా లేదట.
బస్తా ఆగింది.
నాలుగో రోజున పలాస బండి దిగిన కుర్రాడికి
ఆ తొమ్మిదో నంబరు చొక్కానే
నడుం దగ్గర రెండంగుళాలు బిగించి ఇచ్చాను.
పేరు విప్పడానికి సగం బ్లేడు చాలు.
కొత్త పేరు కింద
పాత సూది బెజ్జాలు మాత్రం ఉండిపోయాయి,
చీమలు వెళ్ళిపోయిన దారిలా.

మరుసటేడు కాశీనగర్ వాళ్ళు పిలిచారు.
ఏడు వేలు, చెల్లెలి నర్సింగు ఫీజు.
వెళ్ళాడు.
ఊరంతా ఉప్పు గురించే మాట్లాడింది.
టీ కొట్లో, సెలూన్లో,
ఆఖరికి కిరాణాలో ఉప్పు తూచి అమ్మేవాడు కూడా
"తిన్నది మరిచాడు" అన్నాడు.
దసరా దాటి ఎనిమిది నెలలైందని
ఎవరూ వేళ్ళు మడవలేదు. నేనూ మడవలేదు.

ఫైనలు మన గ్రౌండులోనే.
కప్పుతో పాటు ఇచ్చే మేకపోతు
గోలు కర్ర వెనక కట్టేసి ఉంది,
మెళ్ళో వేసిన బంతిపూల దండే నములుతూ.
డెబ్బయ్యో నిమిషంలో యోనాసు
ఆ ఎడమ కాలితోనే కొట్టాడు.
చేతులెత్తలేదు, గంతెయ్యలేదు.
మనవాళ్ళు విసిరిన చెప్పుల్లో
ఒక జత వెతికి, పక్కపక్కన చేర్చి,
గీత బయట పెట్టి
వెనక్కి పరిగెత్తాడు.

రాత్రి షట్టరు సగం దించుతుంటే వచ్చాడు.
చేతిలో టేకాకు పొట్లం, పోతులో వాటా.
"నీకెంత బాకీ మామా?"
"నీకేటి బాకీరా! పదకొండు చొక్కాల కూలి
షావుకారు దగ్గర ఉండిపోనాది."
"మొదటి చొక్కా నాదే కదేటి. నూట ఎనభై."
లెక్కపెట్టి మిషను బల్ల మీద పెట్టాడు.

అడగాలనుకున్నాను, ఎలా వెళ్ళగలిగావురా అని.
అప్పటికే నా సూది కింద
కాశీనగర్ పచ్చ చొక్కాలు పద్నాలుగున్నాయి,
సగం అడ్వాన్సు ముట్టింది.

"వచ్చే ఏడు ఎక్కడ ఆడతావు?"
"ముందు ఛాతీ కొలువు మామా."
ముప్పై ఎనిమిది.
పుస్తకంలో రాసుకున్నాను,
జట్టు పేరు రాసే గడి
ఖాళీగా వదిలి.